సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా మాట ఎందుకు తెగుతుంది?

ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తుంటాయి. జెద్దాలోనో, దుబాయ్‌లోనో ఉన్న అబ్బాయికి కాల్ కలుస్తుంది. రెండు మాటలు కాగానే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, వీడియో ఆగిపోతుంది. "సిగ్నల్ ఫుల్లుగానే ఉంది కదా, మరేమైంది?" అంటూ ఇంట్లో అందరూ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, బజార్లో దొరికే సిగ్నల్ బూస్టర్ తెచ్చి మేడ మీద బిగిస్తారు.

ఇలా జరగడానికి చాలా కారణాలుంటాయి. టవర్ మీద రద్దీ కావచ్చు, మందపాటి గోడలు కావచ్చు, ఇంటర్నెట్ దారిలో ఇబ్బంది కావచ్చు. వాటితో పాటు మామూలుగా ఎవరి దృష్టికీ రాని కారణం ఇంకొకటి ఉంది. సిగ్నల్‌కు బలం ఒక్కటే చాలదు, శుభ్రత కూడా కావాలి. సిగ్నల్‌ను పెద్దది చేసే పరికరమే దాని ఆకారాన్ని చెడగొట్టగలదు. అంతటితో ఆగకుండా పక్కవాళ్ల సిగ్నల్‌ను కూడా పాడు చేయగలదు. మేడ మీది బూస్టర్‌తో మొహల్లా మొత్తానికి నెట్‌వర్క్ ఇబ్బంది రావడం వెనుక ఉన్న సంగతి ఇదే.

మైకు చెప్పే పాఠం

షాదీఖానాలో మైకు పెట్టినప్పుడు దీన్ని అందరూ వినే ఉంటారు. వాల్యూమ్ సగంలో ఉన్నంతసేపు మాట స్పష్టంగా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లకు వినపడట్లేదని చివరిదాకా తిప్పితే చప్పుడు పెరుగుతుంది గానీ మాట అర్థం కాదు. గరగరమంటుంది. మాట్లాడేవారి గొంతు మారలేదు, మైకూ మారలేదు. మధ్యలో ఉన్న యాంప్లిఫయర్ తన హద్దుకు చేరింది, అంతే.

మంచి యాంప్లిఫయర్ పని చాలా సూటిగా ఉండాలి. 1 ఇస్తే 10 రావాలి, 2 ఇస్తే 20 రావాలి, 5 ఇస్తే 50 రావాలి. ఈ లెక్కను కాగితం మీద గీస్తే తిన్నటి గీత వస్తుంది. కానీ ఏ యాంప్లిఫయర్‌కైనా కరెంటు ఇచ్చే సప్లై ఒక హద్దు వరకే ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ లెక్క తప్పుతుంది. ఉదాహరణకు 8 ఇస్తే 80 రావాల్సిన చోట 74 వస్తుంది. 10 ఇస్తే 100కి బదులు 82 దగ్గరే ఆగిపోతుంది. గీత పైకి వెళ్లాల్సింది పోయి వంగిపోతుంది.

ఇంజినీర్లు దీన్ని నాన్‌లీనియారిటీ అంటారు. తేలిగ్గా చెప్పాలంటే, రెట్టింపు ఇస్తే రెట్టింపు రాకపోవడం. తరంగంలో చిన్న ఎత్తులు సరిగ్గానే పెరుగుతాయి, పెద్ద ఎత్తుల తలలు మాత్రం తెగిపోతాయి. తల తెగిన తరంగం ఇక మొదటి తరంగం కాదు. ఫోన్‌లోనూ, వైఫై రూటర్‌లోనూ, టవర్ మీది పరికరంలోనూ ఇలాంటి యాంప్లిఫయర్లే ఉంటాయి. మైకులో జరిగేదే వాటిలోనూ జరుగుతుంది. కాకపోతే మనిషి చెవికి వినపడదు.

ఎవరూ పంపని సిగ్నళ్లు పుట్టుకొస్తాయి

తరంగం ఆకారం మారడం వల్ల నష్టం దానికే పరిమితం కాదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లెక్క తప్పిన పరికరం గుండా రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి వెళ్తే, ఎవరూ పంపని కొత్త ఫ్రీక్వెన్సీలు బయటికి వస్తాయి.

మన దేశంలో 4జికి బాగా వాడే 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌నే తీసుకుందాం. ఇందులో టవర్ 1805 నుంచి 1880 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుతుంది. ఫోన్లు 1710 నుంచి 1785 మధ్య జవాబిస్తాయి. టవర్ నుంచి 1810, 1870 మెగాహెర్ట్జ్‌లలో రెండు సిగ్నళ్లు వెళ్తున్నాయనుకోండి. దారిలో వంకర పోయే పరికరం ఉంటే, మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోదాన్ని తీసేసినట్టుగా కొత్త సిగ్నల్ పుడుతుంది. 3620లోంచి 1870 తీసేస్తే 1750. ఇది సరిగ్గా టవర్ ఫోన్ల జవాబు వినే చోటే పడింది! అటువైపు ఇంకొకటి 1930 దగ్గర పుడుతుంది. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు.

టవర్ దాకా చేరేసరికి ఫోన్ సిగ్నల్ ఎంత చిన్నదవుతుందో తెలిస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. 4జి ఫోన్ మామూలుగా గరిష్ఠంగా పంపేది 0.2 వాట్. దూరం, గోడలు దాటాక అందులో మిగిలేది ఒక వాట్‌ను పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కంత కావచ్చు. అంత సన్నని గుసగుసను టవర్ వినాలి. అదే చోట తన సొంత వంకర సిగ్నల్ గోల చేస్తుంటే ఎలా వినగలదు? అప్పుడు ఫోన్‌లో గీతలు నిండుగానే ఉంటాయి, ఎందుకంటే టవర్ గొంతు ఫోన్‌కు బాగానే వినిపిస్తోంది. ఫోన్ గొంతే టవర్‌కు వినపడటం లేదు.

10 రెట్లు పెంచితే 1000 రెట్ల చెత్త

ఈ దొంగ సిగ్నళ్లకు ఇంకో చెడ్డ గుణం ఉంది. అసలు సిగ్నల్ శక్తిని 10 రెట్లు పెంచితే, పైన చెప్పిన రకం చెత్త 1000 రెట్లు పెరుగుతుంది. హద్దు దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇంకా గందరగోళమవుతుంది. అందుకే "ఇంకొంచెం పవర్ పెంచితే పోయేదేముంది" అనే మాట రేడియో విషయంలో పనికిరాదు. ఇదే లెక్కలో మంచి సంగతి కూడా ఉంది. శక్తిని సగానికి తగ్గిస్తే చెత్త ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

పక్క చానెల్‌లోకి ఒలికే శక్తికి అంతర్జాతీయ ప్రమాణాలు హద్దు పెట్టాయి. 4జి టవర్ అయితే తన శక్తిలో సుమారు 30,000లో ఒక వంతుకు మించి పక్కకు ఒలకబోయకూడదు. ఫోన్ అయితే 1000లో ఒక వంతు. ఒకే ఆకాశాన్ని నాలుగు కంపెనీలు పంచుకుంటున్నప్పుడు ఈ కట్టుబాటు లేకపోతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

4జి, 5జి వచ్చాక ఇబ్బంది ఎందుకు పెరిగింది?

పాత 2జి ఫోన్ మాట్లాడేటప్పుడు దాని తరంగం ఎత్తు దాదాపు ఒకేలా ఉండేది. ఎత్తు మారనప్పుడు తల తెగే భయం లేదు, కాబట్టి యాంప్లిఫయర్‌ను హద్దు దాకా వాడుకున్నా ఫర్వాలేదు. ఆ ఫోన్ల బ్యాటరీ రోజుల తరబడి రావడానికి ఇదీ ఒక కారణం.

4జి, 5జి పద్ధతి వేరు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 4జి సిగ్నల్‌లో టవర్ ఒకేసారి 1200 చిన్న తరంగాలను పంపుతుంది. మామూలుగా కొన్ని పైకి, కొన్ని కిందికి ఉంటూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అప్పుడప్పుడు మాత్రం చాలా తరంగాలు ఒకేసారి పైకి లేస్తాయి. ఆ క్షణంలో శక్తి సగటు కంటే సుమారు 10 రెట్లు ఎక్కువ ఉంటుంది. ఆ పెద్ద అలలు తెగకూడదంటే యాంప్లిఫయర్‌ను ఎప్పుడూ దాని సామర్థ్యంలో పదో వంతు దగ్గరే నడపాలి.

అలా నడిపితే కరెంటు వృథా అవుతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకం యాంప్లిఫయర్, కాగితం మీది లెక్కలో, పూర్తి శక్తితో నడిచినప్పుడు తీసుకున్న కరెంటులో 78 శాతం దాకా సిగ్నల్‌గా మార్చగలదు. పదో వంతు శక్తి దగ్గర నడిపితే అది 25 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా వేడే. టవర్ల దగ్గర కరెంటు బిల్లు పెరగడానికీ, ఫోన్ వేడెక్కడానికీ ఇదొక కారణం. 4జిలో ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే సిగ్నల్‌కు కాస్త వేరే పద్ధతి పెట్టింది కూడా ఇందుకే. అందులో ఎత్తుపల్లాలు తక్కువ, బ్యాటరీ మిగులుతుంది.

ఇక వేగం సంగతి. సిగ్నల్ బాగున్నప్పుడు టవర్ ప్రతి తరంగాన్నీ 256 స్థానాల్లో ఏదో ఒకదానిలో నిలబెట్టి పంపగలదు. ఒక్కో స్థానం 8 బిట్ల సమాచారం మోస్తుంది. స్థానాలు ఎంత దగ్గరగా ఉంటే అంత కచ్చితత్వం కావాలి. అందుకే ఈ పద్ధతిలో టవర్ పంపే సిగ్నల్‌లో తేడా 3.5 శాతం దాటకూడదని ప్రమాణం. వంకర పెరిగితే పక్క స్థానాలు కలిసిపోతాయి. అప్పుడు 4 స్థానాలే ఉండే మోటు పద్ధతికి దిగాలి. దానికి 17.5 శాతం తేడా వరకు పర్వాలేదు, కానీ ఒక్కోసారి 2 బిట్లే వెళ్తాయి. 8 చోట 2. గీతలు నిండుగా ఉన్నా వీడియో గుండ్రంగా తిరుగుతూ ఆగిపోవడానికి ఇదీ ఒక దారి.

తుప్పు పట్టిన బోల్టు కూడా చాలు

ఇదంతా యాంప్లిఫయర్‌లోనే జరగాలని లేదు. కరెంటు అవసరమే లేని వస్తువులు కూడా సిగ్నల్‌ను వంకర పోగొడతాయి. రెండు లోహపు ముక్కల మధ్య తుప్పు పొర చేరితే, అక్కడ కరెంటు ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు కష్టంగా వెళ్తుంది. అంటే లెక్క మళ్లీ తప్పింది. టవర్ కేబుల్ కనెక్టర్ వదులైనా, బోల్టు తుప్పు పట్టినా, జాయింట్‌లో దుమ్ము చేరినా ఇదే జరుగుతుంది. రేడియో ఇంజినీర్లు దీన్ని తుప్పు బోల్టు ప్రభావం అనే పిలుస్తారు.

మన నగరాల్లో చాలా యాంటెన్నాలు ఇళ్ల మేడల మీదే ఉంటాయి. వాటి ముందు తుప్పు పట్టిన రేకుల షెడ్డు, పాత ఇనుప రెయిలింగ్, పనికిరాని డిష్ ఉంటే అవి కూడా టవర్ శక్తిని మింగి దొంగ సిగ్నళ్లుగా వెనక్కి పంపగలవు. ఉప్పుగాలి తగిలే సముద్రతీర ఊళ్లలో తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి అక్కడ ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. ఇలాంటి తప్పు దొరకడం కష్టం. ఎండకు లోహం సాగినప్పుడు ఒకలా, వానకు తడిసినప్పుడు ఒకలా మారిపోతుంటుంది.

వినే పరికరమూ వంకర పోతుంది

ఇప్పటిదాకా చెప్పింది పంపేవైపు సంగతి. సిగ్నల్ అందుకునే పరికరంలో కూడా మొదట ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. పక్కనే ఎవరో గట్టిగా అరుస్తుంటే మనకు కావలసిన గుసగుస వినపడనట్టే, పక్క బ్యాండ్‌లో బలమైన సిగ్నల్ ఉంటే ఈ యాంప్లిఫయర్ హద్దుకు చేరి, తనకు కావలసిన సిగ్నల్‌ను కూడా పోగొట్టుకుంటుంది.

2022 జనవరిలో ఈ భయమే విమానాలను ఆపింది. అమెరికాలో 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5జి మొదలుపెట్టడానికి కంపెనీలు సిద్ధమయ్యాయి. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచే రేడియో ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. పొగమంచులో దిగేటప్పుడు పైలట్‌కు అదే ఆధారం. రెండు బ్యాండ్‌ల మధ్య ఖాళీ ఉన్నా, పాత ఆల్టీమీటర్లు పక్కన ఇంత బలమైన సిగ్నల్ ఉంటుందని ఊహించి చేసినవి కావు. అవి హద్దు దాటి తప్పు ఎత్తు చూపిస్తాయేమోనన్నది ఆందోళన. జనవరి 19న ఎయిర్ ఇండియా అమెరికాకు కొన్ని విమానాలు రద్దు చేసింది. ఎమిరేట్స్ సంస్థ షికాగో, డాలస్, హ్యూస్టన్ సహా 9 అమెరికా నగరాలకు సర్వీసులు ఆపేసింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా పిల్లల దగ్గరికి వెళ్లే కుటుంబాలకు ఆ నగరాల పేర్లు కొత్తవి కావు. విమానాశ్రయాల దగ్గర 5జి టవర్లను ఆలస్యంగా మొదలుపెట్టడానికి కంపెనీలు ఒప్పుకోవడంతో రోజుల్లోనే సర్వీసులు మళ్లీ మొదలయ్యాయి. తర్వాత విమానాల్లో ఫిల్టర్లు పెట్టడం, ఆల్టీమీటర్లు మార్చడం జరిగింది.

మన దేశంలో ఈ రకం 5జి 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ మధ్య ఉంది, అంటే ఆల్టీమీటర్లకు ఇంకాస్త దూరం. అయినా 2022 నవంబరులో టెలికాం శాఖ జాగ్రత్త పడింది. రన్‌వే రెండు చివరల నుంచి 2,100 మీటర్లు, రన్‌వే మధ్య గీతకు అటూ ఇటూ 910 మీటర్ల లోపల ఈ బ్యాండ్ 5జి టవర్లు పెట్టవద్దని కంపెనీలకు చెప్పింది. విమానాశ్రయం పక్క కాలనీల్లో 5జి సరిగ్గా అందకపోతే దాని వెనుక ఈ కారణం కూడా ఉండొచ్చు.

పడవలో దొరికిన ఉపాయం

వంకరను పూర్తిగా తీసేయడం సాధ్యం కాదు. అదుపులో పెట్టడం మాత్రం సాధ్యమే. ఆ పని దాదాపు వందేళ్ల కిందట మొదలైంది.

అప్పట్లో అమెరికాలో దూరప్రాంతాల టెలిఫోన్ లైన్ల మీద అక్కడక్కడ యాంప్లిఫయర్లు పెట్టేవారు. ఒక్కోటీ కొంచెం వంకర కలిపితే, లైను చివరికి వచ్చేసరికి మాట పాడైపోయేది. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. 1927 ఆగస్టు 2న ఫెర్రీలో హడ్సన్ నది దాటి ఆఫీసుకు వెళ్తుండగా ఆయనకు ఉపాయం తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే దాన్ని గీసుకున్నారు. బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్లేదానితో పోల్చి, తేడాను అక్కడికక్కడే సరిచేయడం ఆ ఉపాయం. దాని పేరు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. పేటెంట్ రావడానికి 1937 దాకా పట్టింది. నేటి ఆడియో యాంప్లిఫయర్లలో చాలావాటికి ఆధారం అదే.

మొబైల్ సిగ్నళ్లకు ఇది సూటిగా పనికిరాదు. తరంగం సెకనుకు వందల కోట్ల సార్లు ఊగుతుంటే, వెనక్కి తెచ్చి పోల్చేలోపు సమయం మించిపోతుంది. అందుకే టవర్లలో ఇంకో పద్ధతి వాడతారు. ఉతికితే కుంచించుకుపోయే బట్ట అని తెలిసిన దర్జీ ముందే కాస్త వదులుగా కుడతాడు. అలాగే, యాంప్లిఫయర్ ఎక్కడ ఎంత వంచుతుందో కంప్యూటర్ ముందే లెక్కగట్టి, సిగ్నల్‌ను అందుకు వ్యతిరేకంగా వంచి పంపుతుంది. రెండు వంకరలు కలిసి తిన్నగా అవుతాయి. దీని పేరు డిజిటల్ ప్రీడిస్టార్షన్. వేడిని బట్టి, వయసును బట్టి యాంప్లిఫయర్ గుణం మారుతుంది కాబట్టి, టవర్ తన గొంతు తానే వింటూ లెక్కను సరిచేసుకుంటూ ఉంటుంది.

కరెంటు వృథాకు కూడా మందు దొరికింది. 1936లో బెల్ ల్యాబ్స్‌కే చెందిన విలియం డోహర్టీ రెండు యాంప్లిఫయర్ల పద్ధతి చూపించారు. మామూలు పని ఒకటి చూసుకుంటుంది, పెద్ద అల వచ్చినప్పుడే రెండోది లేస్తుంది. రోజూ ఒక బావర్చీ, దావత్ రోజున ఇద్దరు అన్నట్టు. అప్పట్లో రేడియో స్టేషన్ల కోసం చేసిన ఈ పద్ధతిని ఇప్పుడు మొబైల్ టవర్లలో విరివిగా వాడుతున్నారు.

మేడ మీది బూస్టర్ ఏం చేస్తుంది?

టవర్‌లో ఇంత జాగ్రత్త ఉంటే, అనుమతి లేని చౌక బూస్టర్‌లో ఇందులో ఏదీ ఆశించలేం. అది తమ ఒక్క కంపెనీ సిగ్నల్‌నే కాకుండా బ్యాండ్ మొత్తాన్నీ, గోలతో సహా పెంచి పంపుతుంది. బలమైన సిగ్నళ్లు కలిసి వచ్చినప్పుడు హద్దుకు చేరి దొంగ సిగ్నళ్లు పుట్టిస్తుంది. మేడ మీది యాంటెన్నాకు ఇంట్లోని యాంటెన్నా వినపడితే, మైకు స్పీకర్‌కు ఎదురుగా పెట్టినప్పుడు కీచుమన్నట్టు, అది ఆగకుండా అరుస్తుంది. ఆ అరుపు మనకు వినపడదు, టవర్‌కు వినపడుతుంది.

ఫలితంగా ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ గొంతు పెంచి మాట్లాడాలి. వాళ్ల బ్యాటరీలు త్వరగా అయిపోతాయి, కాల్స్ తెగుతాయి. బూస్టర్ పెట్టిన ఇంట్లో గీతలు పెరిగి బాగున్నట్టే ఉంటుంది. పక్క గల్లీలో అంబులెన్స్ కోసం ఫోన్ చేసే వ్యక్తికి లైన్ కలవకపోవచ్చు. అనుమతి లేని బూస్టర్ అమ్మడం, కొనడం, బిగించడం మన దేశంలో చట్టవిరుద్ధం కావడానికి కారణం ఇదే. ఇలాంటి సిగ్నళ్లను వెతికి పట్టుకోవడానికి టెలికాం శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ పనిచేస్తుంది.

మరి ఇంట్లో ఏం చేయాలి?

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయడం అన్నింటికంటే సులువు. అప్పుడు కాల్ టవర్‌తో పని లేకుండా ఇంటి నెట్ మీదుగా వెళ్తుంది.

కాల్స్ తరచూ తెగుతుంటే ఏ సమయంలో, ఏ గదిలో, వాన పడ్డాకా లేక ఎప్పుడూనా అని రాసి పెట్టుకుని కంపెనీకి ఫిర్యాదు చేయాలి. "గీతలు నిండుగా ఉన్నాయి, అయినా నా మాట అవతలివాళ్లకు తెగుతోంది" అని స్పష్టంగా చెప్తే ఇంజినీర్లు టవర్ వినేవైపు చూస్తారు. మేడ మీద యాంటెన్నా ఉన్న ఇంటివారు దాని ముందున్న తుప్పు రేకులు, పాత ఇనుము తీయించడం మంచిది. సిగ్నల్ నిజంగానే అందని పెద్ద భవనాలకు, సెల్లార్లకు మొబైల్ కంపెనీలే తమ పరికరాలు పెడతాయి. వారిని అడగాలి.

ఇప్పటికే మేడ మీద బూస్టర్ ఉంటే చేయాల్సింది ఒక్కటే. ప్లగ్ తీసి, దించేయాలి. ఆ పూట నుంచే పక్కింటి ఫోన్లకూ ఊపిరాడుతుంది.